ఓడెక్కే ముందు ఒక్క మాట!

మాది రావల్కోల్. హైదరాబాదుకి ఉత్తరాన మేడ్చల్ దగ్గర ఊరు. సముద్రానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. శామీర్‌పేట చెరువు నిండి, నీళ్లు కట్టను తాకుతుంటే “అబ్బ! సముద్రం లెక్కున్నది” అనుకుంటూ పెరిగిన బాపతు మేము. మరి అలాంటివాళ్లకి ఓడ పిచ్చి ఎక్కడిదంటారా? ఇంకెక్కడిది... సినిమాలదే!

బాపుగారి ‘అందాల రాముడు’ 1973లో వచ్చింది. గోదావరి మీద లాంచీ, లాంచీ నిండా రకరకాల మనుషులు, మధ్యలో అక్కినేని. మా నాయిన దాన్ని చిన్నతనంలో టూరింగ్ టాకీసులో, నేల టిక్కెట్టు మీద చూశాడు. నాకేమో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006). టీవీలో ఎప్పుడొచ్చినా అన్నం కంచం పట్టుకుని దాని ముందే. మా చెల్లెకు ‘టైటానిక్’. అది 1997 సినిమా, అంటే దాని కంటే ముందు పుట్టిందన్నమాట. అయినా ఆ హీరో తనకోసమే ఓడెక్కాడని దాని నమ్మకం! ఇంట్లో ముగ్గురికీ మూడు నీళ్ల సినిమాలు. అమ్మ ఒక్కతే నేల మనిషి. “నీళ్ల మీద పండుకునుడేంది? నీళ్లల్ల నిద్ర వడ్తదా ఎవనికన్న?” అనేది.

2018లో నలుగురం పాపికొండలు చూసొచ్చాం. ఆ సంగతి ఇప్పుడు చెప్పను. ఈ కథకి ఇంటర్వెల్ అక్కడుంది.

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి విహారనౌక నడుపుతున్నారని పేపర్లో పడింది. కార్డీలియా వాళ్ల ‘ఎంప్రెస్’. కొత్త ఓడేం కాదు. 1990లో ఫ్రాన్సులో తయారై, లోకమంతా తిరిగి తిరిగి మన తీరానికొచ్చింది. పొడుగు 210 మీటర్లు, పదకొండు అంతస్తులు, 1,800 మంది దాకా పడతారు. నాకా, కొత్త ఉద్యోగం. మొదటి బోనసు జేబులో కరకరలాడుతోంది. ఇంకేం! “నాయినా, ఓడెక్కుదాం” అన్నాను. నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “జాకెట్లుంటయా?” అని మాత్రం అడిగాడు. “అన్నీ ఉంటయ్” అన్నాను, ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఆలోచించకుండా.

ఇక ప్రయాణం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని, పడుకుని, తెల్లారేసరికి విశాఖలో దిగాం. ఇక్కణ్ణించి నేను చేసిన తప్పులు వరుసగా చెబుతాను. మీరు చెయ్యకండి.

మొదటిది సామాను. అమ్మ సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు, కరెంటు కెటిల్! రేవులో తనిఖీ దగ్గర తొక్కు డబ్బా ఆపేశారు, కెటిల్ ఆపేశారు. అమ్మ మొహం చూడాలి. అచ్చంగా సెకండాఫ్‌లో కొడుకు ఇల్లొదిలి పోతున్నప్పటి నిర్మలమ్మే! తప్పు వాళ్లది కాదు, నాది. బయటి తిండి చాలా ఓడల్లో రానివ్వరు. కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివైతే మరీ. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పారిపోవడానికి వీధి ఉండదు కదా! ఏవి తేవొచ్చు, ఏవి తేకూడదు అన్నది టిక్కెట్టుతో పాటే రాసిస్తారు. మనం సినిమా పోస్టరు మీద ప్రతి అక్షరం చదువుతాం గానీ ఇలాంటివి చదవం.

రెండోది మందులు. పెద్ద పెట్టెలకి చీటీలు కట్టి తీసుకుపోతారు. అవి గదికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది. నాయిన బీపీ బిళ్లలు పెద్ద పెట్టెలో పెట్టింది ఎవరు? నేనే! మందులు, కళ్లజోడు, గుర్తింపు కార్డు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మన తీరంలోనే తిరిగే ఓడకి ఆధార్ లాంటి కార్డు చాలు. పరాయి దేశపు రేవు తగిలే ఓడైతే పాస్‌పోర్టు, కావలసిన చోట వీసా తప్పదు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుందో లేదో కూడా చూసుకోండి.

అప్పటికి విశాఖలో ఇప్పుడున్న క్రూయిజ్ టెర్మినల్ లేదు. దాన్ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అది ఉన్నా లేకున్నా రేవుకి ముందుగా చేరడమే మంచిది. సినిమాకైతే టైటిల్స్ పోయినా లోపలికి పోవచ్చు. ఓడకి ఆ సదుపాయం లేదు!

గదికి చేరాం. నలుగురికి సరిపడా పడకలు, పైన రెండు కింద రెండు. అక్కడ ఇచ్చే కార్డు ఒక్కటే మీ తాళంచెవి, మీ జేబు, మీ పేరు. కొనే ప్రతిదీ ఆ కార్డు మీద లెక్క పడుతుంది. చేతినించి నోటు పోదు కాబట్టి ఖర్చవుతున్నట్టే ఉండదు. చివరి రోజు బిల్లు చూసినప్పుడు మాత్రం విలన్ ఎంట్రీకి కొట్టే డ్రమ్ములు వినిపిస్తాయి. రోజూ ఒకసారి లెక్క అడిగి చూసుకోవడంలో నామోషీ ఏం లేదు.

ఇప్పుడు అసలు తప్పుకి వస్తున్నాను.

ఓడ బయలుదేరే ముందు అందరికీ డ్రిల్లు ఉంటుంది. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి, ఏ పడవ మీది... అన్నీ చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఆపైన ఒక పొడుగు కూత. అది ఏ దేశపు ఓడలోనైనా ఒకటే గుర్తు. మైకులో పిలిచారు. నాయిన అప్పటికే చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేనేం చేశాను? “మీరు పోండి, నేనొస్త” అని చెప్పి పై అంతస్తుకి పరుగెత్తాను. ఎందుకూ? జనమంతా డ్రిల్లుకి పోతే పైన ఖాళీగా ఉంటుంది, రెండు చేతులూ చాచి ‘టైటానిక్’ ఫోజులో సెల్ఫీ దిగొచ్చని! వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, పక్కన సాయంత్రపు ఎండ. ఫ్రేము అదిరింది. ఒకటి బాగా రాలేదని ఇంకోటి, అది రాలేదని మరోటి...

ఇక్కడ ఇంటర్వెల్.

2018లో పాపికొండలకి పోయినప్పుడు గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. ఎక్కగానే తలా ఒక లైఫ్ జాకెట్ ఇచ్చారు. నాయిన బుద్ధిగా తొడుక్కుని, తాళ్లు బిగించి, బడిపిల్లాడిలా కూర్చున్నాడు. కొండలు దగ్గరయ్యాక ఫొటో తీద్దామని సెల్లు పట్టుకున్నాను. ఆ నారింజ రంగు జాకెట్ నాకు నచ్చలేదు. “జర జాకెట్ తియ్యి నాయినా, ఫొటో ఖరాబైతది” అన్నాను. నాయిన నా మాట కాదనడు. తీసేశాడు. అమ్మ, చెల్లె కూడా తీసేశారు. తెల్లచొక్కాలో నాయిన, వెనక పాపికొండలు. నిజంగానే సినిమా పోస్టరులా వచ్చింది. పెద్దగా కడిగించి, చట్రం కట్టించి ముందరింట్లో తగిలించాం.

2019 సెప్టెంబరు 15. ఆదివారం. అదే దారిలో, కచ్చులూరు దగ్గర, 70 మందికి పైగా ఉన్న విహారబోటు గోదావరిలో మునిగింది. బతికి బయటపడ్డవాళ్లు 26 మంది. పోయినవాళ్లలో హైదరాబాదు వాళ్లున్నారు, వరంగల్ వాళ్లున్నారు. మనలాగే సెలవు రోజున నలుగురూ కలిసి సరదాగా పోయినవాళ్లు. ఆ బోటుని నీళ్లలోంచి పైకి తేవడానికే నెల దాటింది. ఆ రోజుల్లో టీవీ ముందునించి నాయిన లేవలేదు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి గోడ మీద ఫొటో లేదు. మేకు మాత్రం ఉంది. “ఏమాయె?” అని అమ్మనడిగాను. “మీ నాయిన తీసిండు. నువ్వడగకు” అంది.

నేనడగలేదు. మర్చిపోయాను కూడా. మూడేళ్ల తర్వాత, ఓడ మీద, మళ్లీ ఫొటో కోసం...

ఇంటర్వెల్ అయిపోయింది.

సెల్లు జేబులో పెట్టుకుని కిందికి దిగుతుంటే ఓడ సిబ్బందిలో ఒకతను ఎదురొచ్చాడు. చేతిలో చీటీ, చీటీలో నా గది నంబరు. నాకోసమే వెతుకుతున్నాడు! మా జాగాకి తీసుకుపోయాడు. అక్కడ వంద మందికి పైగా, ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులు, అందరూ ఉక్కలో, జాకెట్లు కట్టుకుని నిలబడి ఉన్నారు. లెక్క సరిపోతే గానీ పంపరట. తక్కువైంది ఒక్కడు. ఆ ఒక్కణ్ణీ నేను. చంకలో పిల్లాడు ఏడుస్తుంటే ఒకావిడ నావైపు చూసిన చూపుంది చూశారూ... సెన్సారువాళ్లు కూడా కత్తిరించలేరు!

నాయిన ముందు వరసలో ఉన్నాడు. జాకెట్ తాళ్లు బిగించి ఉన్నాయి. కోప్పడలేదు. మెల్లగా అన్నాడు:

“నీ ఒక్కని ఫొటోకు గింతమంది నిలవడ్డరు రా.”

అంతే. మళ్లీ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

మిత్రులారా, ఈ డ్రిల్లు ఉత్త తతంగం కాదు. ‘టైటానిక్’ సినిమాలో మనం ప్రేమకథ చూసి కళ్లు తుడుచుకున్నాం. 1912 ఏప్రిల్‌లో అసలు ఓడ మునిగినప్పుడు అందులో 2,200 మంది దాకా ఉంటే, పడవల్లో చోటు 1,178 మందికే. పోయినవాళ్లు సుమారు 1,500. ఆ దెబ్బతో 1914లో పలు దేశాలు కూర్చుని సముద్రం మీద ప్రాణరక్షణకి ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరిలో ఇటలీ తీరాన ‘కోస్టా కాంకార్డియా’ రాయికి గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకి అప్పటికింకా డ్రిల్లు పెట్టలేదు. ఎక్కిన 24 గంటల్లో ఎప్పుడైనా పెట్టొచ్చన్నది అప్పటి రూలు. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో పెట్టి తీరాలన్న రూలు 2015 నించి అమల్లోకి వచ్చింది. అంటే ఆ పావుగంట వెనక ఎంతమంది ఉన్నారో చూడండి. మనకి మాత్రం సెల్ఫీ టైము!

మర్నాడు పొద్దున్నుంచీ నాయిన నాతో మాట్లాడకుండానే నాకు పాఠాలు చెప్పాడు. ఎలాగంటారా?

ఈతకొలను పక్కన వాలుకుర్చీలుంటాయి. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టే అలవాటు మనది కదా! పొద్దున్నే నాలుగు కుర్చీల మీద నాలుగు తువ్వాళ్లు పరిచి టిఫినుకి పోయాను. తిరిగొచ్చేసరికి నాలుగూ మడతపెట్టి ఒకచోట ఉన్నాయి. ఆ కుర్చీల్లో ఎవరో పెద్దవాళ్లు కూర్చున్నారు. మడతపెట్టింది నాయినే. కూర్చున్నంతసేపే కుర్చీ మనది. లేచి గంటలకి గంటలు పోతే అది పక్కవాడిది. ఓడంతటా ఇదే మర్యాద.

భోజనాల దగ్గర యాభై రకాలు. వడ్డించేవాడు లేడు, వద్దనేవాడు లేడు. నేను రెండు కంచాలు నింపాను. నాయిన చిన్న కంచంలో రెండు ముద్దల అన్నం, పప్పు, కూర పెట్టుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ వెళ్లి ఇంకొంచెం తెచ్చుకున్నాడు. నా కంచంలో సగం మిగిలింది. నాయిన దానివైపు చూశాడు. వరి పండించే మనిషి చూపు అది. కష్టపడి మింగాను. ముందు కొంచెం, నచ్చితే మళ్లీ. వరసలో తోసుకోవద్దు. వెళ్లే ముందు చేతులు కడుక్కోండి. వందలమంది పట్టుకునే గరిటె అది. ఓడలో ఒకడికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఊరంతటికీ అంటుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఆ మధ్యాహ్నం సముద్రం కొంచెం అల్లరి చేసింది. జూన్ నెల కదా! అమ్మ పడకకి అతుక్కుపోయింది. “భూమి యాడుంది కొడుకా?” అని ఒకటే మాట. కడలి కడుపులో తిప్పడానికి బిళ్ల వేసుకోవాల్సింది తిప్పడం మొదలయ్యాక కాదు, అంతకు ముందే. అదీ డాక్టర్ని అడిగి. ఉత్త కడుపుతో ఉండకూడదు. అల్లం ముక్క కొందరికి పనిచేస్తుంది. గాలి తగిలేచోట నిలబడి దూరంగా నింగీ నీరూ కలిసేచోటు చూస్తుంటే కొంత కుదుటపడుతుంది. సెల్లు చూస్తే మాత్రం ఇంకా తిప్పుతుంది. గది బుక్ చేసేటప్పుడే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో అడగండి. ఊపు అక్కడ తక్కువ. మేమేమో చవగ్గా దొరికిందని ముందు కొసన తీసుకున్నాం. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

సెల్లు సంగతి కూడా చెప్పాలి. తీరం దాటితే సిగ్నలు పోతుంది. కొన్ని ఓడల్లో ఉపగ్రహం ద్వారా ఫోను కలుస్తుంది గానీ దానికి బిల్లు గుండె ఆగేటట్టు వస్తుంది. విమానంలోలాగే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసుకోండి. మా చెల్లె ముందే పెట్టించింది కాబట్టి బతికిపోయాను.

రాత్రి ఓడలోని హాల్లో డాన్సు ప్రోగ్రాం. మనకి అలవాటు కదా, పాట మొదలవగానే ఈల వేశాను. ముందువాళ్లు వెనక్కి తిరిగారు. స్టేజి ఊగుతోంది. ఆ పిల్లలు ఊగే నేల మీద కాలు తప్పకుండా ఆడుతున్నారు. వాళ్లకి రీటేకు లేదు, డూపు లేడు. వాళ్ల మొహమ్మీదికి సెల్లు లైటు కొట్టడం, పాట మధ్యలో కేకలు వెయ్యడం తప్పని నాకే అనిపించింది. పాటయ్యాక చప్పట్లు గట్టిగా కొట్టండి. అది వాళ్లకి వందరోజుల షీల్డు.

మా గది సర్దే కుర్రాడు ఒకడుండేవాడు. తెలుగు రాదు, నాయినకి వేరే భాష రాదు. అయినా పొద్దున్నే ఇద్దరికీ దండాలు! నాయిన తన దుప్పటి తనే మడతపెట్టేవాడు. “వాడు చేస్తడు నాయినా, దానికే జీతం” అని నేనంటే వినలేదు. ఓడ పనివాళ్లు నెలల తరబడి ఇల్లు చూడరు. వాళ్లని పేరు పెట్టి పిలవడం, గది మరీ చిందరవందరగా వదలకపోవడం మర్యాద. కొన్ని ఓడల్లో వాళ్ల బక్షీసు బిల్లులోనే కలుపుతారు, కొన్నింట్లో కలపరు. ముందే అడిగి తెలుసుకుని, కలపకపోతే దిగేటప్పుడు చేతిలో పెట్టండి. నాయిన ఆ కుర్రాడి చేతిలో నోటు పెట్టి, తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. రెండోది నోటు కంటే ఎక్కువ పనిచేసింది.

ఇంకా చిన్నచిన్నవి కొన్ని. సముద్రంలోకి ఏదీ విసరకండి. ప్లాస్టిక్ వెయ్యడం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పూర్తిగా నిషిద్ధం. సిగరెట్టు వాళ్లు చూపించిన చోటే. కటకటాలెక్కి హీరో ఫోజులు వద్దే వద్దు. అర్ధరాత్రి వరండాల్లో కేకలొద్దు, అటూ ఇటూ గోడలు పలచన. మధ్యలో రేవులో దింపితే చెప్పిన టైముకి అరగంట ముందే తిరిగి రండి. ఓడ ఎర్రబస్సు కాదు, చెయ్యెత్తితే ఆగదు!

ఆఖరి రాత్రి నిద్ర పట్టక పైకి వెళ్లాను. నాయిన కటకటాల దగ్గర చీకట్లోకి చూస్తూ నిలబడి ఉన్నాడు. పక్కన నిలబడ్డాను. ఎంతసేపటికో నేనే అన్నాను.

“పాపికొండల కాడ నేను తియ్యమనకపోతే నువ్వు జాకెట్ తీసేటోనివి కాదు కద నాయినా?”

నాయిన వెంటనే జవాబివ్వలేదు. “నువ్వు తియ్యమన్నవ్. నేను తీసిన. నీ అమ్మను, చెల్లెను గూడ ఆపలే” అన్నాడు. “పెద్దోన్ని నేను. వద్దనాలె గద? ఆ ఫొటో జూసినప్పుడల్ల గదే యాదికొస్తుండె.”

నేను ఇన్నాళ్లూ ఆయనకి నా మీద కోపమనుకున్నాను! ఆయన కోపం తన మీద. ఏమనాలో తోచలేదు. చెన్నై దీపాలు కనిపించేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఇప్పుడు మా ముందరింట్లో ఆ పాత మేకుకే కొత్త ఫొటో ఉంది. డ్రిల్లప్పుడు చెల్లె తన సెల్లులో తీసింది, చెయ్యి చాచి తనూ పడేటట్టు. నాయిన, అమ్మ, చెల్లె, ముగ్గురూ నారింజ జాకెట్లలో. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. అది నా చోటు.

ఇంటికొచ్చిన చుట్టాలు తప్పకుండా అడుగుతారు, “నువ్వేడున్నవ్ రా?” అని. నాయిన నావైపు చూస్తాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, మొదటినుంచీ మొత్తం చెప్తాను. ఇప్పుడు మీకు చెప్పినట్టే.